నిరాయుధవీరము: పలనాటి గాథలను గూర్చి యొక రసవిచారము

పలనాడనఁగనే మనవారికి వీరరసము తలఁపునకు వచ్చును. శ్రీనాథుని పేర వెలసిన ద్విపదకావ్యము, పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతవిద్యాశేఖరులు 1911 లోఁ బ్రకటించిన నాఁటినుండి యీ సంస్కారము పండితులలో స్థిరపడెను. పామరులలో నది యంతకు నెన్నియో తరములకు ముందే కారెంపూడి వీరులగుడి ముంగిట స్థిరపడియున్నది. కాఁబట్టి యా సీమలో నెవ్వఁడు ప్రాణములొడ్డి నిలిచినను ఆతనిని బాలచంద్రుని ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుట మనకవులకు నలవాటయ్యెను. 1922 లో మించాలపాడునఁ బోలీసు తుపాకులకు నేలఁగూలిన కన్నెగంటి హనుమంతునకును ఈ గౌరవమే లభించెను. బుఱ్ఱకథలయందును, పాటలయందును, రంగస్థలమునందును ఆతఁడు పలనాటి వీరుఁడు. ఆ బిరుదము తగదని యెవ్వఁడనఁగలఁడు? కాని యే వీరుఁడు? ఆలంకారికులు వీరుని నొక్క తెఱఁగువానిగాఁ జెప్పియుండలేదు గదా. హనుమంతుని యుద్ధవీరునిగాఁ జిత్రించుట రసదృష్టిచే దోషమనియు, అంతకంటె ముఖ్యముగా న్యాయదృష్టిచే ఆతనికే యపకారమనియు నా యభిప్రాయము. దానికిఁ గారణములు చెప్పెదను.

ముందు వృత్తాంతము. గురజాల, మాచర్ల ప్రాంతము మెట్టసీమ. వాన చాలని యేఁట పైరు పోయినను పశువు నిలిచెనేని కాఁపు నిలుచును. పశువు నిలుచుట యడవిపచ్చికవలన. 1882 నాఁటి మద్రాసు అడవుల చట్టముచే నడవులు రిజర్వులైన పిదప, తాతలనాఁడు అడుగనక్కఱలేక మేపుకొన్నచోట చీటీ కావలసివచ్చెను, చీటీకి రుసుము కావలసివచ్చెను. దానికే పుల్లరి యని పేరు. అరి యనఁగాఁ గప్పము. గడ్డికిఁ జెల్లించు నరి పుల్లరి. మాట పాతదే, కాని దాని వెనుక అడవి యధికారియు, బందెలదొడ్డియు, పోలీసును క్రొత్తగా వచ్చి నిలిచిరి. 1921 లోఁ బలనాటి రైతులు పుల్లరి చెల్లింపకయే పశువుల నడవికిఁ దోలిరి. ప్రభుత్వోద్యోగులకుఁ జాకలి, మంగలి మొదలగువారి పనులును, ఊరి సరకులును అందకుండ సాంఘికబహిష్కారము నెఱపిరి. గుంటూరు కాంగ్రెసువారు అచ్చటి స్థితిని విచారించుటకై ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులవారిని పంపిరి. ప్రభుత్వమువారు వారిర్వురను బట్టి, శాంతిభంగము చేయకుండునట్లు జామీను వ్రాసి యిమ్మనిరి. వా రియ్యమనిరి. ఏఁడాది చెఱ ప్రాప్తించెను.

1922 ఫిబ్రవరి మొదటివారమునఁ జౌరీచౌరాలో ఠాణా దగ్ధమై పోలీసులు చచ్చిరి. ఆ నెల 12 వ తేదీ నాఁటికి బార్డోలీలోఁ గాంగ్రెసు కార్యవర్గము శాసనోల్లంఘనమును నిలిపివేసెను. పలనాట నది నిలువలేదు. పెద్దల తీర్మానము పశువుల యాఁకలిని మాన్పునది గాదు గదా. ఆ నెల కడపటిభాగముననే మించాలపాడునఁ దుపాకులు ప్రేలినవి, హనుమంతు మడిసెను. దీనిఁ గూర్చి రెండు కథలున్నవి. గుంపు ఱాళ్లతోను కఱ్ఱలతోను మీఁదఁబడఁగా గత్యంతరములేక కాల్చితిమనునది సర్కారు పక్షపుఁ గథ. హనుమంతు మాటలాడుటకై ముందునకు వచ్చెననియు, పశువులను విడిచినచో రుసుము చెల్లింతుమని చెప్పినను గాల్చిరనియు, నేలఁబడి నీళ్లకై యలమటించిన వానికి నీళ్లు పోయనీయలేదనియు జనశ్రుతి. రెండును రెండు పక్షముల కథలే. విమర్శకుఁడు గమనింపవలసినది మఱియొకటి: ఈ రెండు కథలును ఒక్క ప్రశ్నచుట్టునే తిరుగుచున్నవి. హనుమంతుని చేతిలో నేముండెను?

సర్కారువారికి ఆ చేతఁ గఱ్ఱ కావలెను. అది లేకున్నఁ గాల్పునకు సమాధానము లేదు. జనశ్రుతి ఆ చేతిని వట్టిచేతిగాఁ జూపును, లేదా రుసుము పెట్టినదానిగాఁ జూపును. ఇఁక మూఁడవ కథ కవులది. బుఱ్ఱకథకుఁ బోరాటఘట్టము ప్రాణము. తంబుర మీటు కథకుఁడు అడుగు ముందునకు వేసి హుంకరించుటకుఁ దావు కావలెను, గుమ్మెట కొట్టువాఁడు వేగము పెంచుటకుఁ గారణము కావలెను. రెండుగంటలు కూర్చున్న సభకు రోమాంచము కావలెను. కాఁబట్టి నాయకుఁడు తొడఁగొట్టును, సింహనాదము చేయును, శత్రువును ఢీకొనును. ఇది యా ప్రక్రియ స్వభావము; కథకుని నిందించి ప్రయోజనములేదు. కాని ఫలితమేమి? కవి భక్తిచే నొసఁగిన యాయుధము సర్కారువారు ఆరోపించిన యాయుధమే యగుచున్నది! శత్రువు వ్రాసిన నేరారోపణపత్రమునకు మిత్రుఁడు పద్యములోఁ జేవ్రాలు చేసినట్లయినది. మనదేశమున నొక నాయకునికి స్తుతియే ప్రతికూలసాక్ష్యమగుట కింతకంటె స్పష్టమైన యుదాహరణము నాకుఁ గానరాదు.

శాస్త్రమేమనుచున్నదో చూతము. భరతుఁడు వీరమును దాన, ధర్మ, యుద్ధభేదములచే మూఁడుగాఁ జెప్పెను. విశ్వనాథుఁడు దయావీరమును జేర్చి నాలుగు చేసెను. జగన్నాథపండితరాయలు రసగంగాధరమున నీ నాలుగింటిని జెప్పి, ఇట్లు లెక్కించుచుఁబోయినచో సత్యవీర, పాండిత్యవీర, క్షమావీర, బలవీరములను గూడ నొప్పుకొనవలసివచ్చునని చర్చించెను. ఆయన యీ భేదములను జెప్పిన ధోరణి సంప్రదాయమును గొంత వెక్కిరించునట్లుండును. కాని వెక్కిరింపునకుఁ జెప్పిన మాటయే మనకుఁ బనికివచ్చినది. వీరమునకు స్థాయిభావ ముత్సాహము, క్రోధము గాదు. క్రోధము రౌద్రమునకు స్థాయి. యుద్ధవీరమున క్రోధము సంచారిగా వచ్చి స్థాయిని మ్రింగివేయుటకు నిరంతరము యత్నించుచుండును. మన వీరగాథలలోఁ బెక్కింట మ్రింగియే వైచినది. క్షమావీరమున నట్లుగాదు. కొట్టఁగలిగియుఁ గొట్టకుండుట, పోఁగలిగియుఁ బోకుండుట, ఈ రెండు నిరోధముల నడుమ నుత్సాహము చలింపక నిలుచుట యచట రసవిషయము. ఇది చిత్రించుట కష్టము. కత్తి దూయుట కొక్క క్రియాపదము చాలును. దూయకుండుటకు మనస్సంతయుఁ జూపవలెను. కష్టమగుటచేతనే కవులు దీనిని విడిచిరని నా యూహ.

ఇందుపైఁ గొందఱు, పలనాటి వాతావరణమునకు క్షమావీరము పొసఁగదు, వీరచరిత్రమే దానికి సాక్షి యందురు. వీరచరిత్రమును మరల విప్పి చూడుఁడు. కారెంపూడిలోఁ గార్తికమున జరుగు వీరుల తిరునాళ్లకు ఐదు దినములు. వాని పేళ్లు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఇందు మందపోరు పశువులఁ గూర్చినది. మందను గాచుచుఁ బ్రాణములు విడిచిన లంకన్న కథ దానికి మూలము. పలనాట మేఁత విషయమై నెత్తురు చిందుట 1922 లోఁ బుట్టినది గాదన్నమాట. రాయబారము అలరాజు కథ. మలిదేవాదుల పక్షమున వారి రాజ్యభాగము నడుగుటకై గురజాలకుఁ బోయిన యలరాజు విషప్రయోగమున మడిసెను. బాలచంద్రుని యుద్ధము దీని తరువాతిది. కావ్యమును బాలచంద్రుని గాథగాఁ జదువు నలవాటుచే, కథకు మలుపైన మరణము ఒక రాయబారిదనుట మనము మఱచితిమి. అలరాజు పోరునకుఁ బోలేదు. న్యాయమైన భాగము నడుగఁబోయెను. ఆతనిఁ జంపినప్పుడే నలగాముని పక్షమునకు ధర్మము తప్పినది. హనుమంతునకుఁ బూర్వులను వెదకవలెనన్న నాయకురాలి నెదిరించిన యోధులలోఁ గాక, ఈ రాయబారిలోను ఆ మందకాపరిలోను వెదకవలెను.

దూత యవధ్యుఁడనునది మన రాజనీతికిఁ బ్రథమపాఠము. సుందరకాండమున విభీషణుఁడు రావణునికిఁ జెప్పినది యిదే. రావణుఁడంతటివాఁడు ఆ మాట విని, వధ మాని వాలదహనముతో సరిపుచ్చెను. పేరు కలిసినది కావున నొకమాట: ఆ హనుమంతుఁడు వనమును విఱిచి, కావలివారిని గొట్టి సభకు వచ్చెను, ఈ హనుమంతు వనమునకుఁ బసరములను మాత్రము తోలెను. అయినను లంకలో దొరకిన విచారణ మించాలపాడున దొరకలేదు. దూతయొక్క యవధ్యత్వమునకు హేతువేమి? ఆతఁడు మాటను మోసికొనివచ్చినవాఁ డనుటయే. శస్త్రము పట్టక మాటతో వచ్చినవానిపై శస్త్రము ప్రయోగింపరాదు. నేఁటి న్యాయశాస్త్రము నిరాయుధసమావేశపు హక్కనుదానికి మన వాఙ్మయమునఁ బునాది లేదనువారు ఈ దూతధర్మమును జూడవలెను. భేదమొక్కటి: దూతను రాజు పంపును, సమావేశమైన ప్రజ తన్నుఁ దానే పంపుకొనును.

ఇప్పుడు మాలపల్లి. ఉన్నవవారు డబ్లినులో న్యాయశాస్త్రము చదివి బారిష్టరైనవారు. పలనాటి నిమిత్తమునఁ జెఱకుఁ బోయి, ఆ చెఱలో నీ నవలను వ్రాసిరి. ప్రకటితమైన కొలఁదికాలముననే యది నిషేధమునకు గుఱియయ్యెను. 1937 లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చిన తరువాతఁ గాని నిర్బంధము పూర్తిగాఁ దొలఁగలేదు. దీనిని హరిజనోద్ధరణపు నవలగా, వాడుకభాషా ప్రయోగముగా విమర్శకులు చాలఁ జెప్పిరి. పోలీసు అధికారమును గూర్చిన నవలగాఁ దగినంత చదివినట్లు తోఁపదు. రామదాసు కొడుకులలో నిద్దఱిని జూడుఁడు. సంగదాసు ఆయుధము పట్టఁడు. చౌదరయ్య చేతఁ జచ్చును. వెంకటదాసు తక్కెళ్ల జగ్గఁడై సంతానుల దళమును నడపి, కలవారిని దోఁచి లేనివారికిఁ బెట్టును. బుఱ్ఱకథకుఁ గావలసిన నాయకుఁడు జగ్గఁడే. చదువరులకుఁ బ్రియుఁడును నతఁడే. కాని గ్రంథకర్త నవలకుఁ బెట్టిన రెండవపేరు సంగవిజయము! కథ నడుమఁ జచ్చినవాని పేర విజయము ప్రకటింపఁబడినది. జగ్గని సాహసమును ఉన్నవవారు కసితో వ్రాయలేదు, మిక్కిలి ప్రేమతో వ్రాసిరి. ఆ ప్రేమ యుండియు విజయము నాతని కియ్యలేదు. ఇంతకంటెఁ బెద్ద విమర్శ యుద్ధవీరముపై మన వచనవాఙ్మయమున లేదు.

మఱియు నవలలో నధికారము తుపాకివలెఁ గానరాదు, కాగితమువలెఁ గానవచ్చును. నేరము చేయని రామదాసు కుటుంబము సెటిలుమెంటు పాలగుట చూడుఁడు. నేరము చేసినవానిని శిక్షించుట యొకటి. నేరము చేయుదువేమో యని కట్టివేయుట వేఱొకటి. జామీను నడిగి, ఇయ్యకున్నందునకుఁ జెఱకుఁ బంపఁబడిన గ్రంథకర్తకు ఈ రెండవదాని రుచి స్వానుభవము. కథలో నుపన్యాసములు దీర్ఘములనుట నిజమే. పాత్రలు గ్రంథకర్త నోటితో మాటలాడుటయుఁ గలదు. చెఱసాల ప్రకరణములలో మాత్ర మీ దోషము తగ్గును. అచట నాయనకు వాదించు నవసరము లేదు, చూచినది చెప్పుటయే చాలెను.

చేయఁబోవు నేరమను నీ భావన 'శాంతిభంగము' అను మాటలో దాఁగియున్నది. వ్యాకరణము చెప్పు పాఠశాలలలో దీనికి విగ్రహము చెప్పింపవచ్చును: శాంతియొక్క భంగము, షష్ఠీతత్పురుషము. కర్మ చెప్పఁబడినది, కర్త చెప్పఁబడలేదు. ఎవరిచేత? సమాసము చెప్పదు, ఆజ్ఞ వ్రాయువాఁడు పూరించుకొనును. మించాలపాడునఁ బశువులు మేసినచో శాంతి భగ్నమైనదా, తుపాకి ప్రేలినచో భగ్నమైనదా యను ప్రశ్నకు ఈ మాటలోనే చోటు లేకుండఁ జేయఁబడినది. ఇఁకఁ గాలమో, భవిష్యత్తు: భంగము కలుగవచ్చునని యధికారికిఁ దోఁచుట చాలును. 1898 నాఁటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 144 వ సెక్షను ఈ భవిష్యత్తుపైననే నిలిచినది. ఆ కోడు పోయి 1973 నాఁటిది వచ్చెను. అదియుఁ బోయి 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత యమలులోనికి వచ్చెను. సెక్షను సంఖ్య 163 అయ్యెను. సారము మాఱలేదు. జనులు నేఁటికిని దానిని నూటనలువదినాలుగనియే పిలుచుచున్నారు, అన్నప్రాశననాఁటి పేరు విడువనట్లు.

మాఱినది మఱియొకటి. హనుమంతునాఁడు గుమిగూడుట యొక హక్కు గాదు. నిషేధింపనంతవఱకు సహింపఁబడు క్రియ. 1950 జనవరి 26 నుండి రాజ్యాంగము 19 వ యధికరణమున, శాంతముగను ఆయుధములు లేకయు సమావేశమగుటను పౌరుల హక్కుగాఁ జేసెను. సమంజసమైన నిర్బంధములకు మాత్రము లోఁబఱచెను. హక్కునకు రెండు విశేషణములు. వానిలో రెండవది సరిగా మన ప్రశ్నయే: చేతిలో నేముండెను? 1961 లో బాబూలాల్ పరాటే వ్యాజ్యమున సుప్రీముకోర్టు 144 వ సెక్షనును నిలిపెను. 2011 జూనులో రాంలీలా మైదానమున నడిరేయి నిద్రించుచున్న జనముపైఁ బోలీసులు పోయినదానిని 2012 లో తప్పుపట్టెను. 2020 జనవరిలో అనురాధా భసీన్ వ్యాజ్యమున, న్యాయమైన యభిప్రాయప్రకటనమును అణఁచుటకు ఈ సెక్షనును వాడరాదనియు, ఆజ్ఞలు ప్రకటింపఁబడవలెననియుఁ జెప్పెను. అదే యేఁట అక్టోబరులో షాహీన్‌బాగు విషయమున, రాదారిని నిరవధికముగా నాక్రమించుట కూడదనెను. త్రాసు ఇరువైపులకు నూఁగుచున్నది.

మన రాష్ట్రముననే, కందుకూరు త్రొక్కిసలాట పిమ్మట 2023 జనవరి 2 న రహదారులపై సభలను గట్టడిచేయు నుత్తరువు వెలువడెను. దానికాధారము 1861 నాఁటి పోలీసు చట్టము. పుల్లరిరుసుమునకు మూలమైన యడవుల చట్టముకంటె నిరువదియొక్క యేఁడులు పెద్దది. అదే మే 12 న హైకోర్టు ఆ యుత్తరువును గొట్టివేసెను. పలనాట 2019 సెప్టెంబరు 11 న ఆత్మకూరు ప్రయాణము తలపెట్టఁబడినప్పుడు నిషేధాజ్ఞలు వెలసి, నాయకులు గృహములయందే నిర్బంధింపఁబడిరి. ఎవరి పక్షము సత్యమను విచారము నాకుఁ బనిలేదు. గమనింపవలసినదేమన, అచట విచారణకు వచ్చినది జరిగినది గాదు, జరుగవచ్చునన్నది. పలనాడు పౌరుషభూమి, అచట మనుష్యులు కూడినచోఁ బోరు తప్పదను సంస్కారము అధికారుల యూహ కెంత తోడుపడుచున్నదో యోచింపుఁడు. ఆ సంస్కారమును బెంచినవారిలో మనమును, మన వీరగాథలును గలవు. 2024 ఎన్నికల పిదప మాచెర్ల, నరసరావుపేటలలో జరిగిన దౌర్జన్యములు ఈ యూహకు మఱింత బలమిచ్చినవి. అవి నిజముగా దౌర్జన్యములే, వానిని నిరోధించుట పోలీసు ధర్మమే. కాని కత్తి పట్టినవానికై వ్రాసిన యాజ్ఞ వట్టిచేతివానికిఁ గూడ నన్వయించునప్పుడు, ఆ రెండు చేతులను వేఱుచేసి చూపుటకు భాషయే లేకపోవుట మన వాఙ్మయపు లోపము.

నామీఁద రావలసిన యాక్షేపణము నొకదానిని దాఁటిపోను. సాంఘికబహిష్కారము శాంతమా? ఉద్యోగికిఁ గాకున్నను ఆతని యింటివారికిఁ జాకలిని, మంగలిని, సరకులను నిలుపుట హింస గాదా? ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగిన ప్రశ్న గాదు. ఊరంతయు నొక్కటైనచోఁ గలుగు బలము కఱ్ఱలేని కఱ్ఱ. చాకలి, మంగలి తమంత మానిరా, మానిపింపఁబడిరా యనునది యిచ్చట ముఖ్యము. మానిపింపఁబడినచో క్షమావీరమునకు మచ్చ వచ్చును. ఈ మచ్చను జూపక పలనాటి సత్యాగ్రహమును వర్ణించు కవి, నాయకునికి ఖడ్గమిచ్చిన కవికంటె నెక్కువ నిజము చెప్పినవాఁడు గాఁడు. ఉన్నవవారి యుత్తమత్వము ఇచ్చటనే యున్నది: మాలపల్లిలోఁ బీడితులును దోషరహితులు గారు.

ఇఁకఁ జేయవలసిన పని. హనుమంతునిఁ గూర్చిన పాటలు దుర్గి, మాచర్ల, రెంటచింతల ప్రాంతములలో వృద్ధుల నోళ్లయందున్నంతలో వ్రాసికొనవలెను. వీరచరిత్రమునకుఁ దాళపత్రప్రతులను గూర్చినట్లే వీనికిఁ బాఠాంతరములను గూర్పవలెను. పాఠశాలల పండితులు తమ విద్యార్థులనే యీ పనికి వినియోగింపవచ్చును. సేకరించువారు ప్రతిపాఠమునను ఈ యొక్క యంశమును దప్పక గుర్తింపవలెను: కాల్పునకు ముందు హనుమంతుని చేతిలో నేమున్నట్లు పాట చెప్పుచున్నది? కొన్నింటఁ గత్తి యుండవచ్చును; కొన్నింటఁ బైకపుముడి యుండవచ్చును; కొన్నింటఁ బశువులను మలుపు చేతికఱ్ఱ యుండవచ్చును. ఈ కడపటిది వచ్చినచోట మఱింత నిదానముగా వ్రాసికొనవలెను. పసులకాపరి చేతికఱ్ఱ ఆయుధము గాదు. బ్రాహ్మణుని చేతి పంచాంగమువలె నాతని వృత్తిచిహ్నము. అది యే పాటలోఁ గఱ్ఱగానే నిలిచినదో, ఏ పాటలో బల్లెమైనదో, ఆ మార్పు సుమారుగా నే యేఁట వచ్చినదో పాడినవారి వయస్సుతోఁ గూడ నుదాహరింపవలెను.